గడియారం వెనక్కి వెళ్ళింది ఒక్క సెకను, ఇబ్బంది పావు తక్కువ ఏడు గంటలు: 2017 క్లౌడ్‌ఫ్లేర్ డీఎన్‌ఎస్ కేసు

2017 జనవరి 1న యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం అర్ధరాత్రి పన్నెండు కాగానే, అంటే మనకు ఉదయం ఐదున్నరకి, వెబ్‌సైట్లకి నెట్‌వర్క్ సేవలందించే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ డీఎన్‌ఎస్ సర్వర్లు (సైటు పేరు అడిగితే దాని అడ్రస్ చెప్పేవి) కొన్ని ప్రశ్నలకు జవాబు ఇవ్వకుండా ఎర్రర్లు ఇవ్వడం మొదలుపెట్టాయి. అన్ని సర్వర్లూ కాదు, అన్ని ప్రశ్నలూ కాదు. అప్పటికి ఆ సంస్థకు 102 డేటా సెంటర్లు ఉండేవి. వాటిలో కొద్ది మెషీన్ల మీదే, అదీ సీనేమ్ రికార్డు (ఈ పేరుకి బదులు ఇంకో పేరు చూడమని చెప్పేది) వాడే కస్టమర్లకే ఈ ఇబ్బంది వచ్చింది. బాగా ముదిరినప్పుడు కూడా మొత్తం డీఎన్‌ఎస్ ప్రశ్నల్లో దాదాపు 0.2 శాతం, హెచ్‌టీటీపీ రిక్వెస్టుల్లో 1 శాతం లోపే దెబ్బతిన్నాయి. కారణం ఏమిటో ఆ సంస్థే అదే రోజు కోడ్‌తో సహా బయటపెట్టింది.

అంకెల్లో చూస్తే చిన్న సంఘటనే. అయినా గో అనే ప్రోగ్రామింగ్ భాషలో బ్యాకెండ్ రాసే మా టీమ్‌లోకి కొత్తవాళ్ళు వస్తే నేను ముందు చెప్పేది ఈ కేసే. దీనికి మూలం లీప్ సెకను, అంటే ప్రపంచ సమయానికి అప్పుడప్పుడు కలిపే అదనపు సెకను. ఆ పేరు వినగానే చాలామంది "టైమ్ వెనక్కి పోయింది, ప్రోగ్రామ్ చెడింది, అంతేగా" అని తేల్చేస్తారు. కానీ టైమ్ వెనక్కి పోయింది ఒకే ఒక్కసారి, ఒక్క సెకను. ఇబ్బంది పూర్తిగా తీరింది 06:45 యూటీసీకి, మన లెక్కలో మధ్యాహ్నం పన్నెండుంపావుకి. ఒక సెకను తప్పు ఇంతసేపు ఎలా నిలబడింది? కేసు అంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ఆ అదనపు సెకను

భూమి తిరిగే వేగం నిలకడగా ఉండదు. అణు గడియారాలు నిలకడగా నడుస్తాయి. ఈ రెండూ మరీ దూరం కాకుండా 1972 నుంచి అప్పుడప్పుడు యూటీసీకి ఒక సెకను కలుపుతూ వచ్చారు. ఇప్పటిదాకా కలిపినవి 27. ఆఖరిది 2016 డిసెంబర్ 31న వచ్చింది. ఆ రోజు యూటీసీలో 23:59:59 తర్వాత 00:00:00 రాలేదు, మధ్యలో 23:59:60 అని ఒకటి వచ్చింది. భారత ప్రామాణిక సమయం చూసుకునే ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల కూడా జనవరి 1 ఉదయం 5:29:60 అనే సెకనును కలిపింది.

మనుషుల గడియారంలో 60 అని చూపించడానికి చోటుంది. కంప్యూటర్లు వాడే యూనిక్స్ టైమ్‌లో (1970 మొదటి నుంచి లెక్కపెట్టిన సెకన్ల అంకెలో) లేదు. అందులో రోజంటే కచ్చితంగా 86,400 సెకన్లు, ఒకటి ఎక్కువా కాదు, తక్కువా కాదు. మరి అదనపు సెకనును ఎక్కడ పెట్టాలి? లైనక్స్ కెర్నెల్ చేసే పని ఏమిటంటే, అర్ధరాత్రి దాటగానే సిస్టమ్ గడియారాన్ని ఒక సెకను వెనక్కి లాగి, ఆఖరి సెకనును రెండోసారి నడిపిస్తుంది. 1483228799 అనే సెకను ఆ రోజు రెండుసార్లు నడిచింది. ఆ తర్వాతే 1483228800, అంటే కొత్త సంవత్సరం.

ఇప్పుడు ఒక డీఎన్‌ఎస్ ప్రశ్న సరిగ్గా ఆ గీత మీద పడిందనుకోండి. ప్రశ్న పంపినప్పుడు గడియారం చివరి అంకెలు 799.998. జవాబు నాలుగు మిల్లీసెకన్లలో వచ్చింది. మామూలుగా అయితే గడియారం 800.002 చూపాలి. వెనక్కి లాగారు కాబట్టి 799.002 చూపింది. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మైనస్ 996 మిల్లీసెకన్లు. అంటే ప్రశ్న వెళ్ళకముందే, దాదాపు సెకను ముందే జవాబు వచ్చేసిందని లెక్క!

కోడ్‌లో జరిగింది

క్లౌడ్‌ఫ్లేర్ సొంతంగా రాసుకున్న డీఎన్‌ఎస్ సాఫ్ట్‌వేర్ పేరు ఆర్ఆర్‌డీఎన్‌ఎస్. గో భాషలో రాసింది. సీనేమ్ రికార్డు వస్తే అది అసలు అడ్రస్ కోసం, పేర్లకి అడ్రస్‌లు వెతికిపెట్టే ఇంకో రిజాల్వర్‌ని, అంటే అప్‌స్ట్రీమ్‌ని అడగాలి. అప్‌స్ట్రీమ్‌లు ఒకటికి మించి ఉంటాయి. ఏది చురుగ్గా పనిచేస్తోందో తెలియాలంటే ప్రతి ప్రశ్నకూ వెళ్ళి రావడానికి పట్టిన సమయాన్ని (ఆర్‌టీటీ) కొలవాలి. వాళ్ళు బయటపెట్టిన ముక్కలో అసలు లైను ఇదొక్కటే, తెలుగు లిపిలో రాస్తున్నాను:

ఆర్‌టీటీ := టైమ్.నౌ().సబ్(స్టార్ట్)

ఇప్పటి సమయంలోంచి మొదలుపెట్టిన సమయం తీసివేత. ఇలాంటి లైను రాయని ప్రోగ్రామర్ ఉండడు. ప్రశ్నకు సరైన జవాబు వస్తే ఈ ఆర్‌టీటీని ఆ సర్వర్ లెక్కలో కలుపుతారు. జవాబు రాకపోతే టైమౌట్‌కి కొన్ని రెట్లు జరిమానాగా వేస్తారు. సర్వర్ నెమ్మదిస్తే ఏం చేయాలో ఆలోచించారు, అసలు జవాబే రాకపోతే ఏం చేయాలో ఆలోచించారు. జవాబు మైనస్ సమయంలో వస్తే ఏం చేయాలన్నది మాత్రం ఎవరి ఊహకీ రాలేదు. రిపోర్టులో వాళ్ళే రాసుకున్నారు: కాలం వెనక్కి వెళ్ళదన్న నమ్మకమే మూలకారణమని.

ఒక్క కొలత మైనస్ అయితే అంత ప్రమాదం లేదు, ఎందుకంటే సర్వర్‌ని ఎంచుకునేటప్పుడు చూసేది ఒక్క కొలతని కాదు, చాలా కొలతల మీద నునుపు చేసిన సగటుని. కొత్త కొలతకి కొంచెం తూకం, పాత సగటుకి ఎక్కువ తూకం ఇచ్చే పద్ధతి. నెట్‌వర్క్ పని చేసేవాళ్ళకి టీసీపీ (ఇంటర్నెట్‌లో డేటా పంపే పద్ధతి) వల్ల ఇది బాగా తెలుసు. అందులో కొత్త కొలతకి 1/8, పాత సగటుకి 7/8.

ఆ తూకంతోనే లెక్క వేసి చూద్దాం. ఒక సర్వర్ సగటు 4 మిల్లీసెకన్లు. మైనస్ 996 వచ్చి పడింది. నాలుగులో ఏడు ఎనిమిదో వంతులు 3.5. మైనస్ 996లో ఎనిమిదో వంతు మైనస్ 124.5. కలిపితే మైనస్ 121. క్లౌడ్‌ఫ్లేర్ తూకంలో ఇలాంటి కొలతలు కొన్ని పడ్డాక సగటు మైనస్‌లోకి దిగింది, టీసీపీ తూకంలో అయితే ఒక్కటే చాలు. ఇక్కడ ఇంకో విచిత్రం ఉంది. రిజాల్వర్లు ఎంత వేగంగా పనిచేస్తే దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. సగటు 1,500 మిల్లీసెకన్లు ఉండే నత్తనడక సర్వర్ అయితే ఒక సెకను వెనక్కి వెళ్ళినా కొలత 500 దగ్గర ప్లస్‌లోనే ఉండేది, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. కొన్ని మిల్లీసెకన్లలో జవాబిచ్చేలా వాళ్ళు ట్యూన్ చేసుకున్నారు కాబట్టే ఈ బగ్ బయటపడింది.

తర్వాతి మెట్టు ఎంపిక. అప్‌స్ట్రీమ్‌ల సగటులను తూకాలుగా తీసుకుని, ర్యాండమ్‌గా ఒకదాన్ని ఎంచుకోవాలి. దానికి వాడింది గో లైబ్రరీలోని ర్యాండ్.ఇంట్63ఎన్. సున్నా నుంచి మీరిచ్చిన హద్దు లోపు ఏదో ఒక అంకె ఇస్తుంది. హద్దు సున్నా అయినా మైనస్ అయినా ఎర్రర్ తిరిగివ్వదు, నేరుగా ప్యానిక్ అవుతుంది, అంటే నడుస్తున్న పనిని అక్కడికక్కడే ఆపేస్తుంది. గో డాక్యుమెంటేషన్‌లో ఇది స్పష్టంగా ఉంది. ఆ రాత్రి ప్యానిక్‌లన్నీ ఇక్కడి నుంచే వచ్చాయి.

సెకను పోయింది, అంకె ఉండిపోయింది

ఒక సెకను తప్పు గంటల తరబడి ఎలా నిలబడిందన్న ప్రశ్నకి జవాబు ఈ కోడ్ వరసలోనే ఉంది.

మైనస్ 121 దగ్గర ఉన్న సగటు మళ్ళీ ప్లస్‌లోకి రావాలంటే ఏం కావాలి? మంచి కొలతలు కావాలి. 4 మిల్లీసెకన్ల కొలతలు వరసగా పడుతుంటే 26వ దానికి సగటు సున్నా దాటుతుంది. బిజీ సర్వర్‌లో 26 ప్రశ్నలంటే రెప్పపాటు పని. అంటే ఈ జబ్బు దానంతటదే నయమైపోవాలి. కానీ కాలేదు. ఎందుకంటే ప్యానిక్ వచ్చేది సర్వర్‌ని ఎంచుకునే చోట. ఎంపికే జరగకపోతే అప్‌స్ట్రీమ్‌కి ప్రశ్నే వెళ్ళదు. ప్రశ్న వెళ్ళకపోతే కొత్త కొలత రాదు. కొత్త కొలత రాకపోతే సగటు మైనస్‌లోనే కూర్చుంటుంది. మళ్ళీ ఇంకో ప్రశ్న వస్తుంది, మళ్ళీ ప్యానిక్. గడియారం బాగుపడి గంటలైనా ఆ అంకె మెమరీలో అలాగే ఉండి, వచ్చిన ప్రశ్నని వచ్చినట్టే చెడగొడుతూ ఉంటుంది.

ప్యానిక్ వస్తే గో ప్రోగ్రామ్ చచ్చిపోవాలి కదా అని మీకు అనుమానం రావచ్చు. ఆర్ఆర్‌డీఎన్‌ఎస్‌లో రికవర్ పెట్టి ప్యానిక్‌ని పట్టుకున్నారు. ఒక ప్రశ్న చెడితే ఆ ఒక్కటే చెడాలి, సర్వర్ మొత్తం పడిపోకూడదన్నది ఉద్దేశం. డీఎన్‌ఎస్ లాంటి చోట అది సబబే, నేనైనా అదే చేస్తాను. కానీ ఈ కేసులో దాని ఫలితం చూడండి. రికవర్ లేకపోతే ప్రాసెస్ పడిపోయేది, మళ్ళీ లేచేది, లేచినప్పుడు సగటులన్నీ ఖాళీగా మొదలయ్యేవి, గడియారం అప్పటికే సరిగ్గా ఉండేది. అందుకే వాళ్ళు కూడా కోడ్ సరిచేయడంతో ఆగకుండా సర్వర్లన్నీ రీస్టార్ట్ చేశారు. నేను రికవర్ తీసేయమని అనడం లేదు. రికవర్ కాపాడేది ప్రాసెస్‌ని మాత్రమే. మెమరీలో చెడిన అంకె ఉంటే దాన్ని కూడా అంతే జాగ్రత్తగా కాపాడుతుంది. మా కోడ్ రివ్యూల్లో రికవర్ కనబడితే నేను అడిగేది ఒకటే: పట్టుకున్నాక మెమరీలో ఏ స్టేట్ (దాచుకున్న విలువలు) మిగిలిపోతోంది? ఒకే చోట వరసగా ప్యానిక్‌లు వస్తుంటే ఆ స్టేట్‌ని పారేసే దారి ఉందా?

ఆ రాత్రి వరస

ఇది త్వరగా చెప్పేస్తాను. 00:00 యూటీసీకి మొదలు. 00:10కి ఇంజనీర్లకి కబురు. 00:34కి సమస్య ఖాయమైంది. 00:55కి ఒక్క మెషీన్ మీద సవరణ పెట్టి చూశారు, పనిచేసింది. 01:03కి ఒక డేటా సెంటర్ మొత్తానికి. 01:23కి అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతిన్న డేటా సెంటర్‌కి. 02:50కల్లా దెబ్బతిన్న చోట్లలో చాలావాటికి చేరింది. 06:45కి ముగింపు. ఎర్రర్లు ఎక్కువ ఉన్న చోటికి ముందు వెళ్ళారు.

నన్ను ఆకట్టుకునేది 00:34 నుంచి 00:55 వరకు ఉన్న ఇరవై ఒక్క నిమిషాలు. కొత్త సంవత్సరం అర్ధరాత్రి, లీప్ సెకను అని తెలిసిన రాత్రి, కాబట్టి అనుమానం ఎటు వెళ్ళాలో అటే వెళ్ళి ఉంటుంది. ఆ టెన్షన్‌లో కూడా సవరణని ఒకేసారి అన్నిచోట్లా తోసేయకుండా ముందు ఒక మెషీన్, తర్వాత ఒక డేటా సెంటర్ అని ఆగి చూసుకున్నారు. కోడ్‌లో మార్పు ఒక్క అక్షరమే అయినా!

ఆ ఒక్క అక్షరం మార్పు ఏం చేస్తుందో చూడాలి. కొలత మైనస్ అయితే ఆ సర్వర్ గురించి అప్పటిదాకా తెలిసిన వేగం లెక్కని మర్చిపోయి మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోమంటుంది. ఇది పైకి కనిపించేదానికన్నా తెలివైన ఎంపిక. మనలో చాలామంది చేతికి ముందు వచ్చేది "మైనస్ అయితే సున్నా చేసేయ్" అన్న లైను. వేగాన్ని బట్టి సర్వర్‌ని ఎంచుకునే చోట సున్నా అంటే అన్నిటికంటే వేగమైనదని అర్థం, ట్రాఫిక్ అంతా దాని మీదికే పోతుంది. గుర్తు తీసేసి 996 అని రాసుకుంటే బంగారంలాంటి సర్వర్‌కి ఊరికే శిక్ష. ఆ కొలతలో సమాచారమే లేదు, కాబట్టి పారేయడమే న్యాయం.

అయితే ఈ పరీక్షకి ఒక పెద్ద పరిమితి ఉంది. గడియారం వెనక్కి వెళ్తే మైనస్ వస్తుంది, మైనస్ అరిచి చెప్తుంది. గడియారం ముందుకి దూకితే? 4 మిల్లీసెకన్ల పని 1,004 అని కనిపిస్తుంది. చూడటానికి పద్ధతిగా ఉంటుంది, ఏ పరీక్షకీ దొరకదు. నెట్‌వర్క్ ద్వారా గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీ డీమన్ మామూలుగా తేడా 128 మిల్లీసెకన్లు దాటితే గడియారాన్ని ఒక్క ఉదుటున సరైన చోటుకి తీసుకెళ్తుంది, వెనక్కయినా ముందుకయినా. వర్చువల్ మెషీన్‌ని ఆపి మళ్ళీ నడిపితే కూడా ఇలాంటి దూకుళ్ళు వస్తాయి. లీప్ సెకనుకి కనీసం ముందే తేదీ చెప్తారు, వీటికి అదీ ఉండదు. అందుకని మైనస్ పరీక్ష ఆ రాత్రికి సరిపోయిన మందే గానీ, పథ్యం వేరే ఉంది.

గో 1.9 దాకా లేనిది

ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైనా కనీసం రెండు గడియారాలు ఉంటాయి. లైనక్స్‌లో ఒకటి క్లాక్_రియల్‌టైమ్. ఇప్పుడు ఎంతయింది అని చెప్పేది. దీన్ని ఎన్‌టీపీ కదపొచ్చు, అడ్మిన్ మార్చొచ్చు, లీప్ సెకను వెనక్కి లాగొచ్చు. రెండోది క్లాక్_మోనోటానిక్. ఇది బైక్ ట్రిప్ మీటర్ లాంటిది: ఎంత దూరం వచ్చామో చెప్తుంది గానీ ఏ ఊళ్ళో ఉన్నామో చెప్పదు. వెనక్కి తిరగదు. దీని వేగాన్ని ఎన్‌టీపీ కొద్దిగా సవరిస్తుంది, గరిష్ఠంగా పది లక్షలకి 500 వంతులు. అంటే గంటకి 1.8 సెకన్లు మించదు. దూకడం మాత్రం ఉండదు.

2017 జనవరికి గో ప్రోగ్రామర్ చేతికి ఈ రెండోది అందుబాటులో లేదు. తమాషా ఏమిటంటే గో రన్‌టైమ్ లోపల మాత్రం ఉంది. టైమ్.స్లీప్, టైమ్.ఆఫ్టర్ లాంటివి అప్పటికే మోనోటానిక్ మీదే నడిచేవి. బయటికి ఇవ్వలేదంతే. కావాలన్నవాళ్ళు దొడ్డిదారిన రన్‌టైమ్ లోపలి ఫంక్షన్‌ని లింక్ చేసుకుని వాడేవాళ్ళు. దీని గురించి గో ఇష్యూ ట్రాకర్‌లో 12914 నంబరుతో చర్చ 2015 నుంచే నడుస్తోంది. గో పుట్టింది గూగుల్‌లో, ఆ గూగుల్ సర్వర్లలో లీప్ సెకనుని ఒక్కసారిగా కలపకుండా గంటల పాటు పూసినట్టు పలచగా సర్దేస్తారు, దాన్నే స్మియర్ అంటారు. అక్కడ గడియారం వెనక్కి వెళ్ళే పరిస్థితే రాదు. నొప్పి లేని చోట మందు ఆలస్యమవడం సహజమే.

క్లౌడ్‌ఫ్లేర్ సంఘటన తర్వాత అదే జనవరిలో గో టీమ్‌లోని రస్ కాక్స్ ఒక డిజైన్ ప్రతిపాదన రాశారు. 2017 ఆగస్టులో వచ్చిన గో 1.9లో అది అమలైంది. కొత్త ఫంక్షన్ ఏదీ పెట్టలేదు. టైమ్.నౌ ఇచ్చే విలువలోనే రెండు గడియారాల రీడింగులూ దాచారు. ఎలా దాచారో చూస్తే ముచ్చటేస్తుంది. మొదటి 64 బిట్లలో ఒక బిట్ "మోనోటానిక్ ఉందా లేదా" అన్న గుర్తు, 33 బిట్లు 1885 నుంచి లెక్కపెట్టిన సెకన్లు, 30 బిట్లు నానోసెకన్లు. రెండో 64 బిట్లలో ప్రోగ్రామ్ మొదలైనప్పటి నుంచి మోనోటానిక్ నానోసెకన్లు. 33 బిట్ల సెకన్లు 2157 దాకా సరిపోతాయి. ఆ పరిధి బయటి తేదీ అయితే గుర్తు బిట్ తీసేసి, రెండో 64 బిట్లనీ మామూలు సెకన్లకే వాడేస్తారు.

రెండు టైమ్ విలువల్లోనూ మోనోటానిక్ రీడింగ్ ఉంటే సబ్, బిఫోర్, ఆఫ్టర్ దాన్నే వాడతాయి. లేకపోతే మామూలు గడియారం. కాబట్టి పైన చూపించిన ఆ ఆర్‌టీటీ లైను అక్షరం మార్చకుండా, గో 1.9తో మళ్ళీ కంపైల్ చేస్తే చాలు, సరైన కోడ్ అయిపోయింది. ఈ నిర్ణయం మీద ఇప్పటికీ వాదనలు ఉన్నాయి. రస్ట్ భాష రెండింటికీ వేర్వేరు టైపులు పెట్టింది, ఇన్‌స్టంట్ ఒకటి, సిస్టమ్‌టైమ్ ఒకటి. కలపబోతే కంపైలరే ఊరుకోదు. సిస్టమ్‌టైమ్‌ల మధ్య తేడా అడిగితే నేరుగా అంకె ఇవ్వకుండా, మైనస్ అయ్యే వీలుందని గుర్తుచేస్తూ రిజల్ట్ ఇస్తుంది. కొత్త భాషని కాగితం మీద మొదలుపెడితే నేను రస్ట్ దారినే ఎంచుకుంటాను. కానీ అప్పటికే లోకంలో ఉన్న లెక్కలేనన్ని గో ప్రోగ్రాములని ఎవరు కూర్చుని తిరగరాస్తారు? వాటికి గో చేసిందే మేలు.

మిగతా భాషల సంగతి చాలామందికి తెలిసిందే. జావాలో సిస్టమ్.నానోటైమ్, పైథాన్‌లో 3.3 నుంచి టైమ్.మోనోటానిక్, సీ ప్లస్ ప్లస్ 11లో స్టెడీ_క్లాక్, జావాస్క్రిప్ట్‌లో పెర్ఫార్మెన్స్.నౌ. కొలతకి ఇవి, తేదీకి మామూలు గడియారం.

మేం రివ్యూల్లో వెతికేది

గో 1.9 వచ్చాక సమస్య తీరిపోయిందనుకునేవాళ్ళు ఎక్కువ. రెండు గడియారాలు ఒకే విలువలో దాచడానికి ఒక ఖరీదు ఉంది: మోనోటానిక్ భాగం చప్పుడు లేకుండా రాలిపోతుంది. ఎక్కువగా కనిపించేది ఈ రూపం:

స్టార్ట్ := టైమ్.నౌ().యూటీసీ()

లాగుల్లో అందరూ యూటీసీ వాడదామని మంచి బుద్ధితోనే రాస్తారు. కానీ యూటీసీ, లోకల్, ఇన్ అనే మూడు పద్ధతులూ, రౌండ్, ట్రంకేట్, యాడ్‌డేట్ కూడా మోనోటానిక్ రీడింగ్‌ని తీసేస్తాయి. ఆ తర్వాత టైమ్.సిన్స్(స్టార్ట్) అని కొలిస్తే అది 2016 నాటి కోడే. కంపైలర్ ఏమీ అనదు, టెస్టులన్నీ పాస్ అవుతాయి. కంటితో చూడాలంటే ఆ విలువని ప్రింట్ చేయడమే: మోనోటానిక్ ఉంటే చివర ఎం=+0.000 అంటూ ఒక తోక కనిపిస్తుంది, యూటీసీ పిలిచాక ఆ తోక ఉండదు. లాగులో యూటీసీ కావాలంటే లాగు రాసే చోట మార్చుకోవాలి, కొలత మొదలుపెట్టే చోట కాదు.

జేసన్ (డేటాని టెక్స్ట్‌గా రాసే రూపం) లోకి వెళ్ళి వచ్చినా, డేటాబేస్‌లో దాచి తీసినా ఇదే కథ. దీన్ని తప్పు పట్టడానికి లేదు. ఒక మెషీన్ మోనోటానిక్ రీడింగ్‌కి ఇంకో మెషీన్ మీద అర్థమే లేదు, అదే మెషీన్ రీబూట్ అయినా అర్థం పోతుంది. మెసేజ్ క్యూలో ఒక సర్వర్ పెట్టిన సందేశాన్ని ఇంకో సర్వర్ ఎంతసేపటికి తీసుకుందో కొలవాలంటే మామూలు గడియారం తప్ప గతి లేదు. అక్కడ మేం మైనస్ వస్తే కొలతని సగటులో కలపం, కానీ ఊరికే పారేయం కూడా. ఎన్ని మైనస్‌లు వచ్చాయో వేరే కౌంటర్‌లో వేస్తాం. ఆ కౌంటర్ ఒక మెషీన్ దగ్గర గబగబా పెరుగుతుంటే, ఆ మెషీన్ గడియారం పక్కదారి పట్టిందని తెలుస్తుంది. అది క్యూ టీమ్ పని కాదు, ఎన్‌టీపీ చూసేవాళ్ళ పని.

రెండు టైమ్ విలువలని == తో పోల్చడం ఇంకో ఉచ్చు. డేటాబేస్‌కి వెళ్ళి వచ్చిన విలువ, చేతిలో ఉన్న విలువ ఒకే క్షణమైనా == కాదంటుంది, ఒకదానికి తోక ఉంది కాబట్టి. ఈక్వల్ వాడాలి.

మోనోటానిక్ వద్దనుకునే చోట్లు కూడా ఉన్నాయి. లైనక్స్‌లో మెషీన్ సస్పెండ్ అయితే క్లాక్_మోనోటానిక్ ఆగిపోతుంది. రాత్రి లాప్‌టాప్ మూసేసి పొద్దున తెరిస్తే దాని లెక్కలో మధ్యలో గంటలేవీ గడవలేదు. అరగంటలో గడువు తీరాల్సిన టోకెన్‌ని దీనితో చూసుకుంటే, పొద్దున కూడా తాజాగానే కనిపిస్తుంది. అలాంటి చోట రౌండ్(0) పిలిచి కావాలనే తోక తెంచేయాలి, అప్పుడు పోలిక మామూలు గడియారంతో జరుగుతుంది. నిద్రపోయిన సమయాన్ని కూడా లెక్కపెట్టే క్లాక్_బూట్‌టైమ్ అని లైనక్స్‌లో వేరే ఉంది గానీ, గో దాన్ని వాడదు.

మోనోటానిక్ వాడితే ఇక నిశ్చింత అని కూడా అనుకోకూడదు. 2012 జూన్ 30 లీప్ సెకనుకి లైనక్స్ కెర్నెల్ లోపలే బగ్ ఉండింది. గడియారం వెనక్కి లాగారన్న సంగతి కెర్నెల్ తన టైమర్లకి చెప్పడం మర్చిపోయింది. ఫలితంగా సెకను లోపు గడువున్న టైమర్లు పెట్టగానే మోగడం, జావా, మైఎస్‌క్యూఎల్ లాంటివి ఉన్న సర్వర్లలో సీపీయూ నూరు శాతం కొట్టుకోవడం. తేదీని మళ్ళీ అదే తేదీకి సెట్ చేస్తే తగ్గిపోయేది. ఇక్కడ కూడా సెకను ఎప్పుడో పోయింది, మెమరీలో మిగిలిన తేడానే గంటల పాటు తిప్పలు పెట్టింది.

లీప్ సెకన్ల పద్ధతికి 2035 నాటికి స్వస్తి చెప్పాలని 2022 నవంబర్‌లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ తీర్మానించింది. అది అమలైనా ఎన్‌టీపీ దూకుళ్ళు పోవు, వర్చువల్ మెషీన్ల ఆగుడూ పోదు.

పరీక్షించే తీరు

ఈ కేసు విన్నాక అందరూ అడిగేది, మన ప్రోగ్రామ్ తట్టుకుంటుందో లేదో ఎలా చూడాలని. సి ప్రోగ్రాములకి గడియారాన్ని మోసం చేసే లైబ్రరీలు ఉన్నాయి, ముందే లోడ్ చేస్తే టైమ్ అడిగిన ప్రతి పిలుపునీ అవి పట్టుకుంటాయి. గో ప్రోగ్రాముల దగ్గర ఆ పప్పులు ఉడకవు, ఎందుకంటే లైనక్స్ మీద గో టైమ్ కోసం సి లైబ్రరీని అడగదు, కెర్నెల్ ఇచ్చిన దారిలో నేరుగా వెళ్తుంది. కాబట్టి గడియారాన్నే నిజంగా కదపాలి. మేం ఒక వర్చువల్ మెషీన్‌లో ఎన్‌టీపీ ఆపేసి, సర్వీస్ మీద లోడ్ పెట్టి, మధ్యలో డేట్ కమాండ్‌తో ఒక సెకను వెనక్కి లాగుతాం. కొంత ఆగి ఒక సెకను ముందుకి. ఆ క్షణంలో ఎన్ని ఎర్రర్లు వచ్చాయన్నది నేను పెద్దగా పట్టించుకోను. పది నిమిషాల తర్వాత గ్రాఫులు మామూలు స్థితికి వచ్చాయా లేదా అన్నదే చూస్తాను. రాకపోతే ఎక్కడో ఒక సగటు, ఒక కాష్, ఒక టైమర్ ఆ సెకనుని ఇంకా పట్టుకుని కూర్చుందన్నమాట, వెతకాల్సింది దాన్ని.

ఇది డాకర్ కంటెయినర్‌లో చేద్దామనుకునేవాళ్ళకి ఒక మాట. లైనక్స్ 5.6 నుంచి టైమ్ నేమ్‌స్పేస్‌లు వచ్చాయి గానీ అవి మోనోటానిక్, బూట్‌టైమ్ గడియారాలకే వర్తిస్తాయి. రియల్‌టైమ్ గడియారం మెషీన్ మొత్తానికీ ఒక్కటే. మామూలుగా కంటెయినర్‌కి దాన్ని మార్చే అనుమతి ఉండదు. అనుమతి ఇచ్చి మారిస్తే, అదే హోస్ట్ మీద నడిచే పక్కవాళ్ళ సర్వీసులన్నిటి గడియారమూ మీరు కదిపినట్టే.